కొరియా ‘కోటి’ కథ: తెర మీదా కొలువు వేటే.. తెర వెనకా అదే!

మన దగ్గర ‘ఫలానా సినిమా వంద కోట్లు కొట్టింది’ అంటే అది వసూళ్ల లెక్క. దక్షిణ కొరియాలో ‘కోటి సినిమా’ అంటే లెక్క వేరు. ఆ సినిమాకు అక్షరాలా కోటి టికెట్లు తెగాయని అర్థం. మొత్తం జనాభా 5 కోట్ల పైచిలుకే ఉన్న దేశంలో కోటి టికెట్లంటే సగటున ప్రతి ఐదుగురికీ ఒకటి! 2019లో ఒక్క ఏడాదిలోనే ఐదు సినిమాలు ఈ గీత దాటాయి. అందులో రెండు కొరియావే: ‘ఎక్స్‌ట్రీమ్ జాబ్’, ‘పారసైట్’. ఆ ఏడాది దేశం మొత్తమ్మీద తెగిన టికెట్లు 22 కోట్ల 60 లక్షల పైనే. పసిపిల్లల దగ్గర్నుంచి పండు ముసలివాళ్ల దాకా మనిషికి నాలుగు సినిమాలకు పైమాటే.

ఇప్పుడు 2025 లెక్క చూడండి. మొత్తం టికెట్లు సుమారు 10 కోట్ల 60 లక్షలు. అంటే ఆరేళ్లలో సగానికి సగం పైగా పోయాయి. ఆ ఏడాది ఒక్క కొరియా సినిమా కూడా కోటి గీత దాటలేదు. స్వదేశీ సినిమాల్లో అన్నిటికన్నా ముందున్న ‘మై డాటర్ ఈజ్ ఎ జాంబీ’ కూడా 56 లక్షల దగ్గరే ఆగిపోయింది. ఏడాది మొత్తానికి నంబర్‌వన్‌గా నిలిచింది హాలీవుడ్ యానిమేషన్ ‘జూటోపియా 2’.

వింత ఏంటంటే, ప్రపంచమంతా కొరియా పేరు కలవరిస్తున్న సమయంలోనే ఇది జరిగింది. 2019లో కేన్స్ అత్యున్నత పురస్కారం, 2020లో ఉత్తమ చిత్రం సహా నాలుగు ఆస్కార్లు ‘పారసైట్’కు దక్కాయి. 2021లో ‘స్క్విడ్ గేమ్’ ఇంటింటికీ చేరింది. బయట ఇంత పేరు. ఇంట్లో మాత్రం హాళ్లు ఖాళీ.

‘నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తున్న మాకు కొరియా సినిమా గోలెందుకు?’ అంటారా? మూడు కారణాలున్నాయి. ఒకటి, సాఫ్ట్ పవర్, సృజనాత్మక పరిశ్రమల మీద వ్యాసం రాయాల్సి వస్తే ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. రెండు, మీలో కొందరు ఎడిటింగ్, వీఎఫ్ఎక్స్, రచన, దర్శకత్వం వైపు చూస్తున్నారు. ఒక పరిశ్రమ కొత్తవాళ్లను ఎలా తయారుచేసుకుంటుంది, ఎలా పోగొట్టుకుంటుంది అన్నది మీరు తెలుసుకోవాలి. మూడోది అసలు కారణం. ఈ పాతికేళ్ల కొరియా సినిమాలో పదే పదే కనిపించే మనిషి డిటెక్టివ్ కాదు, జాంబీ కాదు. ఉద్యోగం లేని మనిషి. అంటే మీరే.

రెజ్యూమేలు పట్టుకున్న హీరోలు

బాంగ్ జూన్ హో మొదటి సినిమా ‘బార్కింగ్ డాగ్స్ నెవర్ బైట్’ 2000లో వచ్చింది. అందులో నాయకుడు బోలెడు చదువుకుని పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా మిగిలిపోయినవాడు. ప్రొఫెసర్ పోస్టు కావాలంటే లంచం ఇవ్వాలి. ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నదే అతని బాధ. పంతొమ్మిదేళ్ల తర్వాత అదే దర్శకుడు తీసిన ‘పారసైట్’లో ఇంట్లో నలుగురూ నిరుద్యోగులే. పిజ్జా డబ్బాలు మడతపెట్టి పూట గడుపుకుంటారు. కొడుకు యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష మళ్లీ మళ్లీ తప్పినవాడు. ఒక్క సెక్యూరిటీ గార్డు కొలువుకు వందలమంది డిగ్రీలవాళ్లు ఎగబడే కాలమని తండ్రి మాటల మధ్యలో అనేస్తాడు. దొంగ సర్టిఫికెట్‌తో కథ మొదలయ్యేది అందుకే. ఆ కుటుంబానికి తెలివి లేక కాదు, తెలివికి తలుపు తీసేవాళ్లు లేక.

ఇవి అవార్డుల సినిమాలు కదా, పక్కా కమర్షియల్ సంగతేంటి? అక్కడా అదే వరస. 2019లో వచ్చిన ‘ఎగ్జిట్’ విషవాయువు నుంచి తప్పించుకునే యాక్షన్ కామెడీ. 90 లక్షలకు పైగా టికెట్లు తెగాయి. అందులో హీరో కాలేజీలో కొండలెక్కే క్లబ్‌లో చురుగ్గా ఉన్నవాడు, ఇప్పుడు ఇంటర్వ్యూలన్నీ తప్పి ఇంట్లో కూర్చున్నవాడు. అమ్మ డెబ్బయ్యో పుట్టినరోజు విందులో చుట్టాలంతా ‘ఏం చేస్తున్నావు బాబూ?’ అని అడుగుతుంటే మొహం చాటేస్తుంటాడు. ఈ సీన్ మీకు కొత్త కాదు! రెజ్యూమేలో ఎందుకూ పనికిరాని ఆ కొండలెక్కే విద్యే చివరికి అందరి ప్రాణాలూ కాపాడుతుంది.

2020 నాటి ‘సామ్‌జిన్ కంపెనీ ఇంగ్లిష్ క్లాస్’ కథ 1995లో జరుగుతుంది. ఎనిమిదేళ్లుగా కంపెనీ పని భుజాల మీద మోస్తున్న అమ్మాయిలకు ప్రమోషన్ లేదు. కారణం, వాళ్లది ఇంటర్ స్థాయి చదువు. టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్షలో 600 మార్కులు తెచ్చుకుంటే అవకాశం ఇస్తామంటారు. కాఫీలు కలిపే ఆ అమ్మాయిలే కంపెనీ నదిలోకి వదులుతున్న విషాన్ని బయటపెడతారు.

ఇక 2025లో పార్క్ చాన్ వుక్ తీసిన ‘నో అదర్ చాయిస్’. కాగితం కంపెనీలో పాతికేళ్లు పనిచేసిన మనిషిని ఒక్కరోజులో తీసేస్తారు. లీ బ్యుంగ్ హున్ ఆ పాత్ర వేశాడు. మళ్లీ అదే రంగంలో ఉద్యోగం కావాలి, కానీ ఉన్న ఖాళీలు ఒకటో రెండో. అతనేం చేస్తాడంటే, తనకన్నా అర్హత ఉన్నవాళ్లెవరో తెలుసుకోవడానికి దొంగ ఉద్యోగ ప్రకటన వేసి రెజ్యూమేలు తెప్పించుకుంటాడు. పోటీదారులను ఒక్కొక్కరినీ తప్పించడానికి! అమెరికన్ రచయిత డొనాల్డ్ వెస్ట్‌లేక్ 1997 నవల ఆధారంగా తీసిన ఈ సినిమా వెనిస్ పోటీలో నిలిచింది, బుసాన్ చిత్రోత్సవాన్ని ప్రారంభించింది. ముగింపు చెప్పను గానీ, పోటీదారులందరినీ తప్పించుకున్నాక కూడా అక్కడ ఇంకొకరు కూర్చుని ఉండొచ్చన్న అనుమానం మనల్ని వదలదు. ఏఐ రోజుల్లో ఆ అనుమానం ఎవరి గురించో మీకు చెప్పక్కర్లేదు.

సోహీ తర్వాత ఎవరు?

ఇప్పుడు చిన్న సినిమాల వైపు వద్దాం. మీరు ఒకే ఒక్క కొరియా సినిమా చూడాలనుకుంటే ‘నెక్స్ట్ సోహీ’ చూడండి. దర్శకురాలు జూలీ జంగ్. 2022లో కేన్స్ క్రిటిక్స్ వీక్‌లో ముగింపు చిత్రంగా వేశారు. 2023లో కొరియాలో విడుదలైంది.

సోహీ ఒకేషనల్ హైస్కూల్ విద్యార్థిని. డ్యాన్స్ అంటే ప్రాణం. స్కూలు వాళ్లు ‘ఫీల్డ్ ట్రైనింగ్’ పేరుతో ఆమెను టెలికాం కాల్‌సెంటర్‌కు పంపిస్తారు. చదివిన కోర్సుకూ ఈ పనికీ సంబంధం లేదు. కనెక్షన్ వద్దనుకుని ఫోన్ చేసినవాళ్లను ఎలాగోలా ఆపడమే డ్యూటీ. ఒప్పందంలో రాసిన జీతం ఒకటి, చేతికొచ్చేది ఇంకొకటి. ట్రైనీలు మధ్యలో మానేస్తారన్న సాకుతో ఇన్సెంటివ్ ఆపేస్తారు. గోడ మీద బోర్డు, దాని మీద ర్యాంకులు. చివరికి ఆ అమ్మాయి ప్రాణం తీసుకుంటుంది. సినిమా సగంలో ఇది జరిగాక, బే డూనా వేసిన పోలీసు అధికారి విచారణ మొదలుపెడుతుంది.

అసలు సినిమా అక్కడే ఉంది. కంపెనీకి వెళితే బోర్డు చూపిస్తారు. స్కూలుకు వెళితే అక్కడా ఒక బోర్డు: ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయన్న శాతం. ఆ శాతం తగ్గితే నిధులు తగ్గుతాయి, పిల్లలు చేరరు. పై కార్యాలయానికి వెళితే అక్కడా అదే పట్టిక, ఈసారి స్కూళ్ల ర్యాంకులతో. ఎవరిని అడిగినా తప్పు పైవాడిదే. దుర్మార్గుడు ఒక్కడూ దొరకడు. అంకె ఒక్కటే దొరుకుతుంది.

ఇది కల్పన కాదు. 2017లో జియోంజు నగరంలో ఒక కాల్‌సెంటర్ ట్రైనీ విషయంలో జరిగిన ఘటన దీనికి ఆధారం. సినిమా చూసినవాళ్లు లక్ష దాటారంతే. కోటితో పోలిస్తే ఇది లెక్కలోకే రాదు. కానీ 2023 మార్చిలో కొరియా పార్లమెంటు ఒకేషనల్ శిక్షణ చట్టాన్ని సవరించింది. బలవంతపు పని, పనిచోట వేధింపుల నుంచి కార్మికులకు ఉన్న రక్షణను ట్రైనీ విద్యార్థులకూ వర్తింపజేసింది. అక్కడి జనం ఆ సవరణను ఈ సినిమా పేరుతోనే పిలుచుకున్నారు. అక్కడ ఇలా జరగడం ఇదే మొదటిసారి కాదు. 2011లో ‘సైలెన్స్‌డ్’ అనే సినిమా వచ్చాక దివ్యాంగులు, పిల్లలపై లైంగిక నేరాల చట్టాన్ని కఠినం చేశారు.

ఇక్కడో క్షణం ఆగి మీ కాలేజీ హోర్డింగ్ గుర్తు తెచ్చుకోండి. ‘100 శాతం ప్లేస్‌మెంట్స్’ అని ఉంటుంది కదా? ఆ వంద ఎవరిలో వంద? బ్యాచ్ మొత్తంలోనా, రిజిస్టర్ చేసుకున్నవాళ్లలోనా? ఆఫర్ లెటర్ వచ్చినవాళ్లా, నిజంగా చేరినవాళ్లా? ఏడాది తర్వాత అక్కడే ఉన్నవాళ్లెంతమంది? ఈ ప్రశ్నలు అడగడం తప్పు కాదు. అంకె మీ కోసం ఉండాలి గానీ, మీరు అంకె కోసం కాదు.

ఇదే బాటలో ఇంకో రెండు సినిమాలు. 2021 నాటి ‘అలోనర్స్’లో నాయిక క్రెడిట్ కార్డు కాల్‌సెంటర్‌లో నంబర్‌వన్ ఉద్యోగి. ఒంటరిగా తింటుంది, ఒంటరిగా పడుకుంటుంది, ఎవరితోనూ మాట్లాడదు. కొత్తగా చేరిన అమ్మాయికి పని నేర్పమంటే ఇబ్బంది పడిపోతుంది. 2017 నాటి ‘మైక్రోహ్యాబిటాట్’లో ఇళ్లలో పనిచేసుకునే మీసో అనే అమ్మాయి, అద్దె పెరిగిందని గది వదిలేసి, తనకిష్టమైన చిన్న సరదాలను మాత్రం ఉంచుకుంటుంది. ఒకప్పటి స్నేహితుల ఇళ్లకు ఒక్కొక్కరింటికీ వెళ్తుంది. అందరూ ‘సెటిల్’ అయ్యారు. ఎవరూ సుఖంగా లేరు.

కోటి ఒక పక్క, పదివేలు ఒక పక్క

కొరియాలో స్వతంత్ర సినిమాకు పదివేల టికెట్లు తెగితే గెలిచినట్టే లెక్క. 1994 నాటి సియోల్ నేపథ్యంలో ఎనిమిదో తరగతి అమ్మాయి కథ చెప్పిన కిమ్ బోరా ‘హౌస్ ఆఫ్ హమ్మింగ్‌బర్డ్’ బెర్లిన్ సహా ఎన్నో చిత్రోత్సవాల్లో బహుమతులు గెలిచింది. దానికి లక్ష దాటితేనే పెద్ద సంచలనం అన్నారు. మరోపక్క మా డాంగ్ సియోక్ పిడిగుద్దుల పోలీసు సినిమా ‘ది రౌండప్’ వరస చూడండి. 2022, 2023, 2024లో వచ్చిన మూడు భాగాలూ కోటి దాటాయి. 2024లో మంత్రగత్తెలు, సమాధుల కథ ‘ఎగ్జుమా’ కోటి 19 లక్షలకు చేరింది. 1979 నాటి సైనిక కుట్రపై తీసిన ‘12.12: ది డే’ కోటి 31 లక్షలు దాటింది. అది వచ్చిన ఏడాదికే, 2024 డిసెంబరు 3 రాత్రి, అక్కడి అధ్యక్షుడు నిజంగానే మార్షల్ లా ప్రకటించాడు. గంటల్లోనే పార్లమెంటు దాన్ని కొట్టేసింది.

పైన కోట్లు, కింద వేలు. మరి మధ్యలో ఏముంది? అసలు సమస్య అదే.

ఒకప్పుడు కొరియా బలమంతా మధ్యతరగతి బడ్జెట్ సినిమాలే. పేరున్న నటులు, కొత్త కథ, అదుపులో ఖర్చు. 20, 30 లక్షల మంది చూస్తే పెట్టుబడి వచ్చేసేది. కొవిడ్ తర్వాత ఈ పొర కరిగిపోయింది. వారాంతపు టికెట్ ధర 15,000 వోన్లకు చేరింది. మన రూపాయల్లో సుమారు 900. అంత పెట్టేవాడు ‘ఇది హాల్లోనే చూడాలి’ అనిపించినదానికే వెళ్తాడు. మిగతావి ‘ఓటీటీలో వస్తుందిలే’ అని వదిలేస్తాడు. ఇందులో ప్రేక్షకుడి తప్పేమీ లేదు. మనం చేస్తున్నదీ అదే కదా!

హాళ్లు కూడా ఆ గీతను ఇంకా పెద్దది చేశాయి. 2024 ఏప్రిల్‌లో ‘ది రౌండప్: పనిష్‌మెంట్’ విడుదలైనప్పుడు దేశంలో పడుతున్న ఆటల్లో 80 శాతానికి పైగా ఆ ఒక్క సినిమావే. మిగతా వాటికి ఉదయం ఆట, అర్ధరాత్రి ఆట. పెద్ద బడ్జెట్టే భద్రం అనుకున్నవాళ్లకూ దెబ్బ తగిలింది. 2023లో భారీ ఖర్చుతో వచ్చిన అంతరిక్ష చిత్రం ‘ది మూన్’కు దక్కింది 5 లక్షల పైచిలుకు టికెట్లే.

ఇక నెట్‌ఫ్లిక్స్. 2023లో నాలుగేళ్లకు 250 కోట్ల డాలర్లు కొరియా కథల మీద పెడతామని ప్రకటించింది. దర్శకులు, టెక్నీషియన్లు అటు కదిలారు. పని దొరికింది, నిజమే. కానీ సిరీస్ ఎంత హిట్టయినా హక్కులు చాలావరకు ప్లాట్‌ఫామ్‌వే. ఆ డబ్బు తిరిగి చిన్న సినిమాకు చేరే దారి లేదు.

నిచ్చెన కట్టిందెవరు?

కొరియా సినిమా ఒక ‘మిరాకిల్’ అని చాలామంది రాస్తుంటారు. కాదు. ఒక్కో మెట్టూ పేర్చి కట్టిన నిచ్చెన అది. వ్యాసం రాసేవాళ్లు ఈ మెట్లు గుర్తుపెట్టుకోండి.

మొదటిది స్క్రీన్ కోటా. ప్రతి హాలూ ఏడాదిలో కొన్ని రోజులు స్వదేశీ సినిమాలే వేయాలి. 146 రోజులుగా ఉన్నదాన్ని 2006లో 73కు తగ్గించారు. రెండోది శిక్షణ. 1984లో మొదలైన కొరియన్ అకాడమీ ఆఫ్ ఫిల్మ్ ఆర్ట్స్‌లో చదివినవాడే బాంగ్ జూన్ హో. మూడోది చిత్రోత్సవాలు. 1996లో బుసాన్, 2000లో జియోంజు. నాలుగోది నిధి. 2007 నుంచి ప్రతి టికెట్‌లో 3 శాతం చిత్ర అభివృద్ధి నిధికి వెళ్తుంది. అంటే మా డాంగ్ సియోక్ గుద్దుకు ఈల వేసినవాడి డబ్బులో కొంత, ఎక్కడో ఒక కొత్త దర్శకురాలి మొదటి సినిమాకు చేరుతుందన్నమాట. ఐదోది పారదర్శకత. ఏ సినిమాకు ఏ రోజు ఎన్ని టికెట్లు తెగాయో కొరియన్ ఫిల్మ్ కౌన్సిల్ ఆన్‌లైన్‌లో అందరికీ చూపిస్తుంది. మన దగ్గర అలాంటి లెక్క లేదు. పోస్టర్ మీద వేసిన అంకెనే నమ్ముకోవాలి.

ఆరోది మీకు అన్నిటికన్నా ముఖ్యం. పనివాళ్ల ఒప్పందం. ‘పారసైట్’ చిత్రీకరణ ప్రామాణిక కార్మిక ఒప్పందాల ప్రకారం, పనిగంటల పరిమితి పాటిస్తూ జరిగింది. గొప్ప సినిమా కావాలంటే లైట్‌బాయ్ నిద్ర చెడాలన్న రూలేమీ లేదని అది నిరూపించింది.

ఇప్పుడు ఈ మెట్లే కదులుతున్నాయి. 2024 బడ్జెట్‌లో చిత్రోత్సవాలకు ఇచ్చే సాయాన్ని భారీగా కోసేశారు. అదే ఏడాది ఆ 3 శాతం రుసుమునే ఎత్తేస్తామని ప్రభుత్వం ప్రకటించింది, 2025 మొదట్లో ఎత్తేసింది కూడా. సినిమావాళ్లు గట్టిగా పోట్లాడాక పార్లమెంటు దాన్ని మళ్లీ తెచ్చింది. మధ్యస్థాయి బడ్జెట్ చిత్రాలకు ఫిల్మ్ కౌన్సిల్ 2025లో ప్రత్యేక సాయం మొదలుపెట్టింది. జబ్బేంటో వాళ్లకు అర్థమైంది. మందు ఆలస్యమైంది.

2025 కేన్స్ చూస్తే ఇది కళ్లకు కడుతుంది. అధికారిక ఎంపికలో ఒక్క కొరియా ఫీచర్ ఫిల్మ్ కూడా లేదు. అదే కేన్స్‌లో విద్యార్థుల చిత్రాల విభాగంలో మొదటి బహుమతి మాత్రం కొరియాదే. హో గా యంగ్ తీసిన ‘ఫస్ట్ సమ్మర్’. ఆమెదీ బాంగ్ చదివిన అకాడమీయే. అంటే తయారయ్యేవాళ్లు తయారవుతూనే ఉన్నారు. బయటికొచ్చాక వాళ్లు అడుగుపెట్టాల్సిన మెట్టే లేదు. ఈ వాక్యంలో ‘దర్శకులు’ తీసేసి ‘ఇంజినీరింగ్ పట్టభద్రులు’ అని పెట్టి చదవండి. తేడా ఏమైనా కనిపిస్తోందా?

ఇంకో మాట. బాంగ్ మొదటి సినిమా ఫ్లాప్. అయినా అతనికి రెండో అవకాశం వచ్చింది. అది 2003 నాటి ‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’. 50 లక్షల మందికి పైగా చూశారు. మొదటి సినిమా పోయిన కొత్తవాడికి ఇవాళ్టి కొరియాలో అలాంటి రెండో ఛాన్స్ వస్తుందా? కష్టమే. ఒక పరిశ్రమ ఆరోగ్యాన్ని దాని హిట్లతో కొలవకూడదు. ఓడినవాడికి అది ఎన్ని అవకాశాలిస్తుందో దాంతో కొలవాలి.

చవకే మందా?

కొందరు తక్కువ ఖర్చే దారి అంటున్నారు. ‘ట్రెయిన్ టు బుసాన్’ తీసిన యోన్ సాంగ్ హో 2025లో ‘ది అగ్లీ’ని సుమారు 20 కోట్ల వోన్లతో, అంటే మన డబ్బులో కోటీ పాతిక లక్షల లోపే తీసేశాడు. 20 మంది సిబ్బంది, మూడు వారాల షూటింగ్. 10 లక్షలకు పైగా టికెట్లు తెగాయి. హాంగ్ సాంగ్ సూ అయితే ఏళ్లుగా కెమెరా, ఎడిటింగ్, సంగీతం అన్నీ తనే చూసుకుంటూ చేతివేళ్ల మీద లెక్కపెట్టే సిబ్బందితో సినిమాలు తీస్తున్నాడు. 2020 నుంచి 2024 మధ్య బెర్లిన్‌లో నాలుగు సిల్వర్ బేర్లు గెలిచాడు. పిల్లల లోకాన్ని చూపించడంలో పేరున్న యూన్ గా ఉన్ ‘ది వరల్డ్ ఆఫ్ లవ్’ కూడా 2025లో చిన్న సినిమాగా వచ్చి నోటిమాటతోనే నిలబడింది.

ఇవి ధైర్యమిచ్చే కథలే. కానీ జాగ్రత్త. యోన్ సాంగ్ హో పిలిస్తే పేరున్న నటులు వస్తారు. మీరు పిలిస్తే? అతనికి తక్కువ బడ్జెట్ ఒక ఎంపిక. కొత్తవాడికి అది గతి. ‘ప్యాషన్ ఉంటే డబ్బెందుకు’ అనే మాట ఎప్పుడూ డబ్బున్నవాళ్ల నోటి నుంచే వస్తుంది. ఆ మాట మీద ఇల్లు గడవదు.

మరి మనకేంటి?

తెలుగుకూ కొరియాకూ ఉన్న చుట్టరికం కొత్తదేం కాదు. సమంత ‘ఓ బేబీ’ 2014 నాటి ‘మిస్ గ్రానీ’కి రీమేక్. ఆ ‘మిస్ గ్రానీ’ తీసిన హ్వాంగ్ డాంగ్ హ్యుకే తర్వాత ‘స్క్విడ్ గేమ్’ తీశాడు. 2022లో వచ్చిన ‘శాకిని డాకిని’కి మూలం ‘మిడ్‌నైట్ రన్నర్స్’. కథలు తెచ్చుకున్నాం. కథలు పుట్టించే ఏర్పాటు మాత్రం తెచ్చుకోలేదు. ‘కేరాఫ్ కంచరపాలెం’ లాంటివి వచ్చాయంటే అది ఆ మనుషుల మొండితనం. మొండితనం పాలసీ కాదు కదా!

కెరియర్ పరంగా ఆలోచించేవాళ్లకు నాలుగు మాటలు.

సినిమా రంగంలోకి వెళ్లాలనుకుంటే డిగ్రీతో పాటు చేతిలో ఒక పని ఉండాలి. ఎడిటింగ్, సౌండ్, సబ్‌టైటిల్స్, కలర్ గ్రేడింగ్, ప్రొడక్షన్ అకౌంట్స్.. ఏదైనా ఒకటి. దర్శకత్వం అవకాశం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. పని వచ్చినవాడు మాత్రం ఆ లోపు ఇల్లు గడుపుకోగలడు.

ఇంటర్న్‌షిప్‌కు ‘సరే’ అనే ముందు మూడు సంగతులు రాతలో అడగండి. స్టైపెండ్ ఎంత, ఎప్పుడిస్తారు? రోజుకు ఎన్ని గంటలు? మధ్యలో మానేస్తే ఏంటి? మన 1961 అప్రెంటిస్‌షిప్ చట్టం కింద చేరితే రాతపూర్వక ఒప్పందం, స్టైపెండ్ తప్పనిసరి. మామూలు ఇంటర్న్‌షిప్‌కు అంత రక్షణ లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయమంటే అనుమానించండి. ‘అందరూ ఇలాగే చేరుతున్నారు’ అన్నది జవాబు కాదు. సోహీకి కూడా అదే చెప్పారు.

డ్రామాలు చూసి కొరియన్ భాష మీద ఇష్టం కలిగితే మంచిదే. కానీ ఉద్యోగం కోసమైతే టోపిక్ పరీక్షలో స్థాయి చూపించాలి. ఆరు స్థాయిలుంటాయి. 1, 2 మొదటి అంచె, 3 నుంచి 6 రెండో అంచె. నాలుగు పలకరింపులు వస్తే అనువాదకుడి ఉద్యోగం రాదు. పెనుకొండ దగ్గర కియా ప్లాంటు 2019 నుంచి ఉత్పత్తిలో ఉంది. శ్రీసిటీలో ఎల్జీ ప్లాంటుకు 2025లో శంకుస్థాపన జరిగింది. భాషతో పాటు మెకానికల్, అకౌంట్స్, హెచ్ఆర్ లాంటి మరో నైపుణ్యం ఉన్నవాళ్లకే అలాంటి చోట్ల భాష అదనపు బలమవుతుంది.

చివరిది. పరీక్షలు, ఇంటర్వ్యూలు తప్పుతున్నప్పుడు మనసు బాగా కుంగిపోతే లోపల దాచుకోకండి. ఇంట్లోవాళ్లకో, స్నేహితుడికో చెప్పండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం. ‘నెక్స్ట్ సోహీ’లో ఆ అమ్మాయి ఎన్నిసార్లు చెప్పబోయిందో, ఎంతమంది ‘కాస్త ఓపిక పట్టు’ అన్నారో చూస్తే గుండె తరుక్కుపోతుంది. మీ పక్క గదిలో ఉన్నవాడు అలా చెప్పబోతుంటే మీరు వినండి.

వ్యాసం రాయాల్సి వస్తే

‘సాఫ్ట్ పవర్’ మీద ప్రశ్న వస్తే ‘కొరియాను చూసి నేర్చుకోవాలి’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకండి. రెండు వైపులూ రాయండి. ప్రభుత్వం డబ్బిచ్చి, కథలో వేలు పెట్టకుండా ఉన్నంతకాలం పెరిగింది. కింది మెట్లకు సాయం కోసినప్పుడు, మధ్య పొర కరిగినప్పుడు తగ్గింది. ప్రపంచంలో పేరు రావడం వేరు, ఇంట్లో పరిశ్రమ బతకడం వేరు. 2019, 2025 టికెట్ల లెక్క పక్కపక్కన పెడితే మీ వాదనకు బలం వస్తుంది.

సినిమాలు చూడాలనుకుంటే ఈ వరసలో చూడండి: నవ్వుకోవడానికి ‘ఎగ్జిట్’, కోపం తెచ్చుకోవడానికి ‘సామ్‌జిన్ కంపెనీ ఇంగ్లిష్ క్లాస్’, భయపడటానికి ‘నో అదర్ చాయిస్’, ఆలోచించడానికి ‘నెక్స్ట్ సోహీ’. నాలుగూ చూశాక మీ రెజ్యూమే తీసి ఒకసారి చదువుకోండి. ‘ఎగ్జిట్’ హీరో కొండలెక్కే విద్యలాంటిది మీ దగ్గర ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ‘హాబీలు’ అని అడుగున ఎక్కడో రాసి వదిలేసి ఉంటారు. దాన్ని కాస్త పైకి తీసుకురండి. ఇంటర్వ్యూలో వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి.